సున్నానికి ముందురోజు

రెండు గదుల తాళంచెవులూ నా కొంగుముడిలోనే.
ఒక గదిలో జంతువులు, ఒక గదిలో ఆకులు,
మధ్య వరండాలో నా స్టూలు.
ఇరవైరెండేళ్లు.

జంతువుల గదిలో, మూడో అరలో, కిటికీ వైపు
పొడుగు సీసాలో ఒకటుంటుంది. బొటనవేలంత.
"ఎలుక కాదు రాహేలమ్మా" అని
కొత్త బ్యాచి వచ్చినప్పుడల్లా
హైమవతి మేడం ముందు నాకే చెప్పేది,
గొంతు సవరించుకోడానికేమో.
ఏ ఓడలో వచ్చిందో, చీటీ మీద సిరా గోధుమరంగు తిరిగి
దేశం పేరు సగం పోయింది.
పొట్టకింద చిన్న చీలిక. సంచి.
నెలలు నిండకుండానే కని
బిడ్డని అందులోకి పాకించుకుంటుందట.
పాకే బిడ్డ బియ్యపుగింజంత.

నాకు అర్థం కానిదేముంది?
ప్రత్తిపాడు అవతల మిరపచేలల్లో
చీర ఎగదోపి ఒడికట్టి కాయ కోసినదాన్ని.
ఒడి నిండేకొద్దీ నడుము వెనక్కి వాలేది,
పెళ్లికాని పిల్లకి కూడా చూలాలి నడకొచ్చేది.
మేడం సంచిజీవి అనేది.
నేను ఒడిజంతువు అనుకున్నాను.

ఆకుల గది వెనక గోడకి
ట్యాంకు పైపు చెమర్చే చోట జానెడు పచ్చ.
ఏడేళ్లుగా టీ గ్లాసులు కడిగిన నీళ్లు అక్కడే పారబోస్తున్నా
అదెవరో నాకు తెలీదు.
మొన్న విశాఖ నించి ఒక పిల్ల వచ్చింది, నౌషీన్,
మెడలో తాడుకి భూతద్దం.
గోడముందు గొంతుక్కూర్చుని గంటసేపు లేవలేదు.
యార్డు వైపు గాలికి రెండుసార్లు తుమ్మింది, అంతే.
లేచి గుసగుసగా అంది:
"అమ్మా, ఈ నాచుని ఈ పక్కల చూసినట్టు ఎవరూ రాయలేదు."
నేను చూశాను గదా, అనబోయి ఊరుకున్నాను.

అద్దం నా కంటికి పెట్టింది.
దారాల్లాంటి కాడలు. కొసన బుడ్డలు.
బుడ్డ మీద కుళ్లాయి.
"కింద పచ్చది తల్లి. పైన కాడ బిడ్డ.
తల్లి నించే తాగుతుంది, తల్లి మీదే నిలబడి ఎండిపోతుంది.
ఆ కుళ్లాయి కూడా తల్లి ఒంటి ముక్కే."

అద్దం తీసేసరికి
నా కళ్లముందు మూడో అర.

ఒడిజంతువు బిడ్డ ఎప్పుడో ఒకనాడు కిందికి దూకుతుంది.
దీని బిడ్డకి దూకడం లేదు.
చలికి అది ఉండలా చుట్టుకుని
వారాలకి వారాలు చచ్చినట్టు పడుంటుందని మేడం చెప్పేది.
ఇదీ అంతే, రోహిణికార్తెలో బూడిదై,
చెంబెడు నీళ్లు పోస్తే
చెంబు దించేలోపు పచ్చబడేది.
సీసాలోదాన్ని మాత్రం ఎప్పట్నించో తడిలోనే ఉంచాం.
లేవలేదు.

సోమవారం తనిఖీ. శనివారం సున్నం.
చిన్నమస్తాను బకెట్టు దించి, గరిటె తీసి
"గీకేదా? పాకుడేగా" అన్నాడు.
"ఎలుక కాదయ్యా" అన్నాను.
నోట్లోంచి అదే వచ్చింది.
వాడు నా మొహంలోకి చూసి
బీడీ కాల్చుకోడానికి పక్కకెళ్లాడు.

ఆ బీడీ అయ్యేలోపు
కూరగాయల చాకుతో, గోడ పెచ్చుతో సహా
అరచేతంత తీశాను.
మిగతాది తెల్లబడింది.

ముప్పయ్యేళ్ల తరవాత మళ్లీ ఒడికట్టాను, నల్లపాడు బస్సులో.
తడి పొట్టకి తగులుతూనే ఉంది.
ఒక గుంటడు సీటివ్వబోయి
నా నెరిసిన జుట్టు చూసి తికమకపడ్డాడు.

తనిఖీవాళ్లు వచ్చి సీసాలు లెక్కపెట్టుకుపోయారు.
అన్నీ ఉన్నాయి.

ఇంట్లో డ్రమ్ము నీడన పెట్టాను.
మూడ్రోజులుగా మున్సిపాలిటీ నీళ్లు రాలేదు.
తాగేవి తాగడానికే చాల్లేదు.
అది ముడుచుకుంది. గోధుమరంగు తిరిగింది,
అచ్చం చీటీ మీద సిరా.
చచ్చిందో పడుకుందో.

ఇవాళ తెల్లారుజామున కుళాయి బుస్సుమంది.
చెంబు నిండింది.
పట్టుకుని నిలబడ్డాను,
పోయలేదు ఇంకా.